విత్తనం కన్నా ముందు నేల
(చిగుళ్ళను, ఎముకను తిరిగి పెంచే కొత్త చికిత్స గురించి మా మాట)



ఈ మధ్య మా నర్సులను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టరమ్మా, మన రక్తమే తీసి, మిషన్‌లో తిప్పి చిగుళ్ళలో పెడితే పోయిన ఎముక మళ్ళీ పెరుగుతుందట గదా, నిజమేనా?" కొందరు ఫోన్‌లో వీడియో చూసి అడుగుతారు. కొందరు పట్నం వెళ్ళి, ఖర్చు రాసిన చీటీ చేతిలో పట్టుకొని వచ్చి అడుగుతారు.

మా జవాబు ఇది. నిజమే. కాని అందరికీ కాదు, అన్ని పళ్ళకూ కాదు, అన్నిటికన్నా ముందు చేయవలసిన పని అసలే కాదు. ఈ మూడు "కాదు"లను వివరించడానికే ఈ వ్యాసం రాస్తున్నాము. మేము దంతవైద్యులం కాము. కాని గాయాలు ఎలా మానుతాయో, ఎందుకు మానవో ప్రతిరోజూ వార్డులో చూసేవాళ్ళం. ఆ అనుభవంతోనే మాట్లాడుతున్నాము.

పంటిని పట్టి ఉంచేవి ఏవి?

గోడకు మేకు కొట్టినట్లుగా పన్ను దవడలో దిగబడి ఉండదు. పంటి వేరు మీద సిమెంటం అనే పలుచని పొర ఉంటుంది. వేరు చుట్టూ దవడ ఎముక ఉంటుంది. ఈ రెంటినీ సన్నని నారపోగులు కలిపి పట్టుకుంటాయి. ఆ నారల పొర మందం మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే. మక్కకంకి కొరికినా, జొన్నరొట్టె నమిలినా ఆ బరువు మోసేవి ఆ నారలే. వీటన్నిటినీ పైనుండి కప్పి కాపాడేది చిగురు.

ఆరోగ్యంగా ఉన్న నోటిలో చిగురుకు, పంటికి మధ్య సందు 1 నుండి 3 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. సరిగా తోముకోకపోతే ఆ సందులో పాచి చేరుతుంది. పాచి ఉమ్మిలోని సున్నంతో కలిసి గట్టిపడితే గార అవుతుంది. గార బ్రష్షుతో పోదు, వేపపుల్లతోనూ పోదు. దానిమీద క్రిములు కాపురం పెడతాయి. వాటితో పోరాడే క్రమంలో మన శరీరం తన సొంత ఎముకనే కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. సందు 4 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్లు, ఇంకా లోతుగా పోతుంది. దీనినే డాక్టర్లు పాకెట్ అంటారు. మన పెద్దలు పయోరియా అనే జబ్బు ఇదే.

ఈ జబ్బుకు చాలాకాలం నొప్పి ఉండదు. తోముకునేటప్పుడు కొంచెం రక్తం, పొద్దున లేవగానే నోటి వాసన, అంతే. పన్ను ఊగేదాకా మనిషి డాక్టరు దగ్గరికి రాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 100 కోట్ల మందికి ముదిరిన చిగుళ్ళ జబ్బు ఉంది. 15 ఏళ్ళు దాటిన వారిలో ఇది సుమారు 19 శాతం. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు.

పోయిన ఎముక ఎందుకు తిరిగి రాదు?

గార తీసి శుభ్రం చేస్తే వాపు తగ్గుతుంది, రక్తం ఆగుతుంది, చిగురు గట్టిపడుతుంది. చాలామందికి ఇది చాలు. కాని కరిగిపోయిన ఎముక, తెగిపోయిన నారలు మామూలుగా తిరిగి రావు. గాయం మానేటప్పుడు చిగురు పైచర్మపు కణాలు అన్నిటికన్నా వేగంగా వేరు మీదికి దిగి ఆ చోటు ఆక్రమిస్తాయి. నారను, ఎముకను కట్టే కణాలు నెమ్మదిగా కదులుతాయి. అవి వచ్చేసరికి వాటికి చోటు ఉండదు. కలుపు ముందు లేచి పసుపు మొలకను అణిచివేసినట్లే ఇది కూడా.

ఈ సంగతి గ్రహించి 1982లో స్వీడన్‌కు చెందిన స్టూరె నైమన్, యాన్ లిండె మొదలైన వైద్యులు ఒక రోగి పంటి దగ్గర పలుచని పొరను అడ్డం పెట్టారు. పైచర్మం కిందికి దిగకుండా ఆపితే కొత్త సిమెంటం, కొత్త నారలు ఏర్పడతాయని చూపించారు. అంతవరకు "పోయింది పోయిందే" అనుకున్న వైద్యంలో ఇది కొత్త ఆశ.

ఆ తరువాతి అడుగే గ్రోత్ ఫ్యాక్టర్లు. కలుపును ఆపడమే కాక పైరుకు బలం ఇవ్వవచ్చు కదా అన్న ఆలోచన.

గ్రోత్ ఫ్యాక్టర్ అంటే ఏమిటి?

ఒక కణం మరో కణానికి పంపే కబురు అనుకోండి. "ఇటు రా, రెట్టింపు కా, ఎముక కట్టు, రక్తనాళం వెయ్యి" అని చెప్పే ప్రోటీన్లు ఇవి. ఇటువంటి వాటిని కనుగొన్నందుకే స్టాన్లీ కోహెన్, రీటా లెవి మోంటాల్చిని అనే శాస్త్రవేత్తలకు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అన్న మాట ఇప్పుడు ప్రతి ఇంట్లో తెలుసు. వేలు తెగినప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ఆ ప్లేట్‌లెట్ల లోపల ఈ కబుర్ల మూటలు ఉంటాయి. సృష్టికర్త గాయంతో పాటే గాయం మానే మార్గాన్ని కూడా మన రక్తంలో పెట్టాడన్న మాట.

చిగుళ్ళ వైద్యంలో ఇవి రెండు దారుల్లో వచ్చాయి.

మొదటి దారి, కంపెనీలో తయారైన మందు. ప్లేట్‌లెట్లలో దొరికే పి.డి.జి.ఎఫ్. అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను తయారుచేసి, ఎముక పొడి వంటి పదార్థంతో కలిపి వాడే మందుకు అమెరికా ప్రభుత్వం 2005లో అనుమతి ఇచ్చింది. దానికి ముందు 180 మంది రోగులపై పరీక్షించారు. ఆరు నెలల తరువాత ఎక్స్‌రేలో చూస్తే, ఈ మందు వాడిన వారిలో ఎముక గుంత 57 శాతం నిండింది. ఉత్త పొడి మాత్రమే వాడిన వారిలో 18 శాతం నిండింది. తేడా పెద్దదే. కాని ఆ పరీక్షలోనే ఇంకో సంగతి కూడా ఉంది. చిగురు పంటికి అతుక్కోవడంలో మాత్రం ఆరు నెలలకు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. మొదటి సంగతి చెప్పి రెండవది చెప్పకపోతే రోగికి అన్యాయం చేసినట్లే. జపాన్‌లో ఎఫ్.జి.ఎఫ్.-2 అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ జెల్‌కు 2016లో అనుమతి వచ్చింది. స్వీడన్‌లో 1990ల నుండి పంటి ఎనామెల్ ప్రోటీన్లతో చేసిన జెల్ వాడుతున్నారు. అది పందిపిల్లల పళ్ళ మొగ్గల నుండి తీసేది. మన పట్టణంలో అన్ని మతాల వారూ ఉన్నారు. వాడే ముందు ఆ మాట రోగికి చెప్పి తీరాలి.

రెండవ దారి, రోగి సొంత రక్తం. ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ అనే వైద్యుడు 2001లో వివరించిన ఈ పద్ధతిని పి.ఆర్.ఎఫ్. అంటారు. చేతి నరం నుండి కొంచెం రక్తం, ఒక్కో ట్యూబుకు సుమారు 10 మిల్లీలీటర్లు తీస్తారు. గడ్డకట్టకుండా ఆపే మందు ఏదీ కలపకుండా వెంటనే సెంట్రిఫ్యూజ్ మిషన్‌లో పది పన్నెండు నిమిషాలు తిప్పుతారు. ట్యూబులో మూడు పొరలు ఏర్పడతాయి. పైన పసుపుపచ్చని నీరు, అడుగున ఎర్ర కణాలు, మధ్యలో మీగడ వంటి మెత్తని గడ్డ. ఆ గడ్డలో ప్లేట్‌లెట్లు ఇరుక్కొని ఉంటాయి. దానిని చిగురు తెరిచి శుభ్రం చేసిన ఎముక గుంతలో పెట్టి కుట్లు వేస్తారు. వారం రోజులకు పైగా అది గ్రోత్ ఫ్యాక్టర్లను మెల్లమెల్లగా వదులుతుంది. రోగులు మమ్మల్ని అడిగేది ముఖ్యంగా దీని గురించే.

మాకు ఇది ఎందుకు కొత్త కాదు?

షుగర్ రోగుల కాలి పుండ్లకు డ్రెస్సింగ్ చేసే నర్సులకు గ్రోత్ ఫ్యాక్టర్ అన్న మాట ముందే తెలుసు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ ఇ.జి.ఎఫ్. అనే గ్రోత్ ఫ్యాక్టర్‌తో రెజెన్-డి అనే జెల్‌ను కాలి పుండ్ల కోసం తయారుచేసింది. అంటే ఈ విద్య మన రాష్ట్రానికి దూరపు విద్య కాదు.

అయితే కాలి పుండు మనకు నేర్పిన పాఠం ఒకటి ఉంది. చచ్చిన కండ కోసి తీయకుండా, చీము కడగకుండా, షుగర్ అదుపు చేయకుండా, ఆ కాలి మీద బరువు తగ్గించకుండా ఎంత ఖరీదైన జెల్ పూసినా పుండు మానదు. ఆ నాలుగూ చేసిన తరువాత పూస్తే జెల్ సాయం చేస్తుంది. నోరు కూడా అంతే. నోటిలో పుండు కనపడదు కాబట్టి మనం ఆ సంగతి మరచిపోతాము.

ప్రభువు చెప్పిన విత్తువాని ఉపమానం మనకందరికీ తెలుసు. అక్కడ విత్తనంలో లోపం లేదు, తేడా అంతా నేలలోనే ఉంది. మంచి విత్తనం విలువ అంకాపూర్ రైతుకు మేము చెప్పనవసరం లేదు. కాని ఆ రైతు కూడా దుక్కి దున్నకుండా, పశువుల ఎరువు తోలకుండా, సాళ్ళు తీయకుండా పసుపు కొమ్ము నాటడు. సిద్ధులగుట్ట రాళ్ళ మీద నాటడు. గ్రోత్ ఫ్యాక్టర్ మంచి విత్తనమే. నోరు రాతినేలగా ఉంచుకొని విత్తనానికి వేలు పోయడం తెలివైన పని కాదని మా అభిప్రాయం.

ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు?

ఎముక ఒకే పంటి పక్కన బావిలా లోతుగా, ఇరుకుగా కరిగిపోయి, చుట్టూ ఎముక గోడలు మిగిలి ఉంటే ఈ చికిత్స బాగా పనిచేస్తుంది. గుంత ఉంటే నీరు నిలుస్తుంది కదా, అలాగే గడ్డ అక్కడ నిలిచి ఎముకగా మారే అవకాశం ఉంటుంది. అదే ఎముక అన్ని పళ్ళ చుట్టూ గట్టు కొట్టుకుపోయినట్లు సమంగా తగ్గిపోయి ఉంటే, దానిని మళ్ళీ పైకి లేపడం ఈ చికిత్సకు సాధ్యం కాదు. "నోరంతా కొత్తగా చేస్తాము" అని ఎవరైనా చెబితే రెండోసారి ఆలోచించండి.

లాభం ఎంత? 2018లో కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సొంత రక్తంతో చేసే ఈ చికిత్సలపై జరిగిన 38 పరీక్షలను ఒకచోట చేర్చి చూసింది. మామూలు ఆపరేషన్‌కు ఇది తోడైతే పాకెట్ లోతు సగటున ఇంకో మిల్లీమీటరుకు కొంచెం పైగా తగ్గింది. ఎనామెల్ ప్రోటీన్ జెల్‌తో కలిపి వాడితే మాత్రం అదనపు లాభం కనపడలేదు. ఆ పరీక్షల నాణ్యత కూడా గట్టిగా లేదని వారు స్పష్టంగా రాశారు. ఒక మిల్లీమీటరు చిన్నదిగా తోచవచ్చు. ఊగబోయే పంటికి అది నిలబడే ఆధారం కావచ్చు. అద్భుతం మాత్రం కాదు.

బీడీ, సిగరెట్టు తాగేవారికి ఈ చికిత్స ఫలితం తగ్గుతుంది. పొగ వల్ల చిగురుకు రక్తం సరిగా అందదు. పైగా వారికి చిగుళ్ళ నుండి రక్తం కూడా తక్కువగా వస్తుంది కాబట్టి జబ్బు దాగి ఉంటుంది. మన ప్రాంతంలో బీడీలు చుట్టే తల్లులు, బీడీలు తాగే తండ్రులు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. గుట్కా, జర్దా, పళ్ళకు పొగాకు పొడి రాసుకునే అలవాటు కూడా ఉంది.

వీరికి ఇంకో ముఖ్యమైన మాట. గ్రోత్ ఫ్యాక్టర్ మంచి కణానికీ చెడ్డ కణానికీ తేడా తెలియని కబురు. కాలి పుండ్లకు వాడే పి.డి.జి.ఎఫ్. జెల్ ఎక్కువగా వాడిన వారిలో క్యాన్సర్ మరణాల గురించి 2008లో అమెరికా ప్రభుత్వం పెద్ద హెచ్చరిక పెట్టించింది. తరువాత వచ్చిన సమాచారం చూసి 2018లో ఆ హెచ్చరికను తొలగించింది. కాబట్టి భయపడవలసిన పని లేదు. అయినా క్యాన్సర్ ఉన్న చోట ఈ మందు వాడకూడదన్న నియమం నియమమే. అందుచేత నోటిలో రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం ఉంటే ముందు ఆ పరీక్ష చేయించుకోవాలి. చిగుళ్ళ సంగతి తరువాత.

నేల సిద్ధం చేయడం అంటే ఏమిటి?

2020లో యూరప్ చిగుళ్ళ వైద్యుల సమాఖ్య ఒక క్రమాన్ని ప్రకటించింది. మొదటి మెట్టు, రోగి తానే చేయవలసింది. సరిగా తోముకోవడం, పళ్ళ సందులు శుభ్రం చేసుకోవడం, పొగాకు మానడం, షుగర్ అదుపులో ఉంచుకోవడం. రెండవ మెట్టు, చిగురు కింది గార తీయించడం. ఆ తరువాత కొన్ని వారాలు ఆగి మళ్ళీ కొలుస్తారు. అప్పటికీ లోతైన పాకెట్లు మిగిలితేనే మూడవ మెట్టు, ఆపరేషన్. ఆ ఆపరేషన్లలోనూ లోతైన ఎముక గుంత ఉన్న చోటనే తిరిగి పెంచే చికిత్స. నాలుగవ మెట్టు, జీవితాంతం క్రమంగా చూపించుకోవడం.

గ్రోత్ ఫ్యాక్టర్ ఉన్నది మూడవ మెట్టు మీద. చాలామంది మొదటి రెండు మెట్లతోనే బాగుపడతారు, మూడవ మెట్టు ఎక్కవలసిన అవసరమే వారికి రాదు. మొదటి రోజే ఎక్స్‌రే తీసి, ఆ వారమే రక్తం తీసి ఆపరేషన్ అంటే మధ్యలో రెండు మెట్లు దాటేసినట్లు.

షుగర్ ఉన్నవారికి ఇది రెండు వైపులా పదునైన విషయం. షుగర్ ఎక్కువైతే చిగుళ్ళు చెడతాయి. చిగుళ్ళు చెడితే షుగర్ అదుపు తప్పుతుంది. చిగుళ్ళ జబ్బుకు చికిత్స చేస్తే మూడు నెలల షుగర్ పరీక్షలో సగటున సుమారు 0.4 శాతం తగ్గుతుందని 2022లో కోక్రేన్ సంస్థ తేల్చింది. కేవలం గార తీసినందుకు, ఏ ఖరీదైన మందూ లేకుండా వచ్చిన లాభం ఇది. అందుకే షుగర్ రోగి ఎవరు వచ్చినా ఒకసారి నోరు తెరిపించి చూడాలని మేము మా నర్సులకు చెబుతాము.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మన దగ్గర ఇంకా ఉంది. వదులు చేసింది గార. ఇన్నాళ్ళూ ఆ గారే పళ్ళను గోడకట్టినట్లు పట్టి ఉంచింది కాబట్టి, తీసిన తరువాత కొన్నాళ్ళు వదులుగా, చల్లగా, జివ్వుమన్నట్లు అనిపిస్తుంది. చిగురు గట్టిపడ్డాక ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

పసుపు రాస్తే సరిపోదా?

పసుపు ఊరి వాళ్ళం కాబట్టి ఈ ప్రశ్న సహజం. పసుపు గాయానికి మంచిదన్నది మన పెద్దల జ్ఞానం. అమెరికాలో 1995లో ఒక విశ్వవిద్యాలయానికి పసుపుతో గాయం మాన్పడంపై పేటెంట్ ఇస్తే, మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ ఇది మాకు తరతరాలుగా తెలిసిన విద్య అని పాత గ్రంథాలు చూపి 1997లో దానిని రద్దు చేయించింది. పసుపులోని కర్క్యుమిన్ చిగుళ్ళ వాపును కొంత తగ్గిస్తుందని పరీక్షల్లో కూడా తేలింది. కాని పసుపు గారను కరిగించదు, పోయిన ఎముకను పెంచదు. ఉప్పు, పసుపు గట్టిగా రుద్దితే చిగురు ఒరుసుకుపోతుంది. బొగ్గు, బూడిద, ఇటుక పొడి అయితే పంటినే అరగదీస్తాయి. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, రోజుకు రెండుసార్లు. ఇదే మంచి దుక్కి.

"పసుపు అమ్మినాక చూద్దాం"

ఈ మాట మేము ప్రతి ఏడాదీ వింటాము. జూన్‌లో నాటిన పసుపు జనవరి వస్తే గాని తవ్వకానికి రాదు. ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి అమ్మేసరికి ఎండలు ముదురుతాయి. అంతవరకు చిగుళ్ళ నుండి రక్తం కారుతూనే ఉంటుంది. తీరా డబ్బు చేతికి వచ్చాక, ఆలస్యమైందన్న తొందరలో అన్నిటికన్నా ఖరీదైన చికిత్స వైపు చూస్తారు. గల్ఫ్ నుండి రెండు నెలల సెలవు మీద వచ్చే తమ్ముళ్ళదీ ఇదే తొందర. పిల్ల పెళ్ళి, ఇంటి స్లాబు, పళ్ళ ఆపరేషన్, అన్నీ ఆ రెండు నెలల్లోనే కావాలి. కాని ఎముక మన సెలవు చూసుకొని పెరగదు. ఆపరేషన్ తరువాత ఫలితం తెలియడానికి ఆరు నెలల నుండి ఏడాది పడుతుంది. మధ్యలో చూపించుకోవాలి. అలాంటివారు ఈ సెలవులో గార తీయించుకొని, అక్కడ షుగర్, పొగాకు అదుపు చేసుకొని, ఎక్కువ రోజులు ఉండే సెలవులో ఆపరేషన్ సంగతి చూసుకోవడం మేలు.

చిగుళ్ళు శుభ్రం చేయించడానికి పంట డబ్బు వచ్చేదాకా ఆగవద్దని మా మనవి. నిజామాబాదు దగ్గర మల్లారంలోని మేఘన దంతవైద్య కళాశాలలో, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో చిగుళ్ళ విభాగాలు ఉన్నాయి. ముందుగా కనుక్కొని వెళ్ళండి.

డబ్బు కట్టే ముందు అడగవలసినవి

1. నా పాకెట్లు ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయి? అది కాగితం మీద రాసి ఇస్తారా?
2. గార తీసిన తరువాత మళ్ళీ కొలిచారా? ఎంత తగ్గింది?
3. నా ఎముక గుంత ఏ ఆకారంలో ఉంది? ఎక్స్‌రేలో నాకు చూపిస్తారా?
4. పెట్టబోయేది నా రక్తమా, కంపెనీ మందా, జంతువుల నుండి తీసినదా?
5. రక్తం తీసే ట్యూబు కొత్తదేనా, ఒకసారి వాడి పారేసేదేనా? దానిమీద నా పేరు రాస్తారా?
6. ఆరు నెలలకు, ఏడాదికి మళ్ళీ ఎక్స్‌రే తీసి ఫలితం చూపిస్తారా? ఫలితం రాకపోతే తరువాతి దారి ఏమిటి?

రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవారు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ ప్రశ్నలు అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోడు, సంతోషిస్తాడు.

ఇది డబ్బున్న వారి వైద్యమా?

"బీదవారికి ఇదంతా ఎందుకమ్మా, పీకించుకుంటే పోదా?" అని కొందరు పెద్దలు అంటారు. ఈ మాటకు మేము ఒప్పుకోము. నలభై ఏళ్ళ తల్లి ముందు పళ్ళు పోతే ఆమె నవ్వడం మానేస్తుంది, రొట్టె తినడం మానేస్తుంది, క్వయర్‌లో ముందు వరుసలో నిలబడటం మానేస్తుంది. కట్టుడు పళ్ళు మంచివే, కాని సొంత పంటికి సాటిరావు. పైగా సొంత రక్తంతో చేసే చికిత్సకు కావలసినవి రోగి రక్తం, చిన్న మిషన్, నేర్చిన చేయి. కంపెనీ మందు ఖరీదు దీనికి లేదు. అందుచేత ప్రభుత్వ దంత కళాశాలల్లో, మిషన్ ఆసుపత్రుల్లో బీదవారికి కూడా ఇది అందాలని మేము కోరుకుంటున్నాము. నేల సిద్ధం చేసుకున్న ప్రతి బీద రోగికీ ఆ విత్తనం మీద హక్కు ఉంది.

మనకు దగ్గరలోనే ఉన్న డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించారు. ఆనాటికి ఉన్న మందు ఒక చెట్టు గింజల నూనె. దానిని ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. ఉత్త నూనె ఇచ్చి పంపలేదు. ఉండడానికి చోటు, తిండి, శుభ్రత, పని, ఆదరణ అన్నీ కలిపి ఇచ్చారు. తరువాత అంతకన్నా మేలైన మందులు వచ్చాయి, ఆ నూనె వెనుకబడింది. ఆమె చూపిన పద్ధతి మాత్రం ఇంకా మిషన్ వైద్యానికి మాదిరిగా నిలిచింది. రేపు ఈ గ్రోత్ ఫ్యాక్టర్ కన్నా మేలైనది రావచ్చు. శుభ్రమైన నోరు, అదుపులో ఉన్న షుగర్, పొగాకు లేని జీవితం ఆ రోజు కూడా కావలసిందే.

సంఘం చేయగలిగినది

స్త్రీల మైత్రి కూటములలో నెలకు ఒకసారి ఐదు నిమిషాలు నోటి ఆరోగ్యం గురించి మాట్లాడుకోండి. మాకు కబురు పంపితే ఒక నర్సును పంపుతాము. సండే స్కూలు పిల్లలకు తోముకోవడం నేర్పండి, ఇంట్లో పెద్దలను సరిదిద్దేది వారే. యౌవనస్థుల కూటంలో గుట్కా మాట దాచకుండా మాట్లాడండి. షుగర్ మాత్రలు వాడే ప్రతి వ్యక్తి ఏడాదికి ఒకసారైనా దంతవైద్యునికి చూపించుకునేలా కుటుంబం బాధ్యత తీసుకోవాలి. గర్భిణి అయిన కోడలి చిగుళ్ళ నుండి రక్తం వస్తే అది మామూలే అని వదిలేయకుండా అత్తగారే వెంటబెట్టుకొని రావాలి.

ఈ వ్యాసం చదివిన వారు ఈ రాత్రి తోముకున్న తరువాత ఉమ్మిన నీటిని ఒకసారి చూడండి. ఎర్రగా ఉంటే ఆ రక్తాన్ని మిషన్‌లో తిప్పే ఆలోచన పక్కన పెట్టి, అది ఎందుకు కారుతుందో చూపించుకోవడానికి ఈ వారమే రండి. పసుపు అమ్మేదాకా ఆగవద్దు.

మీ ఆరోగ్యం కొరకు ప్రార్థిస్తూ,
ప్రభువు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు నర్సింగ్ సిబ్బంది